రింగు దొరికితే టెండరు రద్దు చేసి ఊరుకోకండి

రెండు తెలుగు రాష్ట్రాల ఆర్థిక శాఖ కార్యదర్శులకు, నీటిపారుదల, రోడ్లు భవనాలు, పంచాయతీరాజ్, పురపాలక శాఖల ఇంజనీర్-ఇన్-చీఫ్‌లకు,

నమస్కారం.

నేను ఇరిగేషన్‌లో ఒక డివిజన్ ఆఫీసులో చాలా ఏళ్లు టెండర్ల సీటు చూసి రిటైరయ్యాను. సీలు వేసిన కవర్లు కత్తెరతో కత్తిరించి తెరిచిన రోజులు చూశాను. తర్వాత కంప్యూటర్‌లో ప్రైస్ బిడ్లు తెరిచిన రోజులూ చూశాను. ఆ రెండు కాలాల్లోనూ రింగును, అంటే కాంట్రాక్టర్ల కుమ్మక్కును, కూడా చూశాను. రింగు దొరికినప్పుడు మన శాఖలు చేసే పని, చేయగలిగీ చేయని పని, ఈ రెండింటి గురించి మీకు రాయాలని చాలా కాలంగా అనుకుంటున్నాను.

కాంట్రాక్టర్లు కుమ్మక్కయ్యారని ఆఫీసుకు అనుమానం వస్తే ఏం జరుగుతుందో మీకు తెలుసు. టెండరు రద్దు చేస్తాం, మళ్లీ పిలుస్తాం. ఎక్కువలో ఎక్కువ ఒకరిని బ్లాక్‌లిస్టులో పెడతాం. అక్కడితో ఫైలు మూసేస్తాం. ఇంట్లో దొంగ పడితే మనం గొళ్లెం మార్చుకుని ఊరుకోం కదా. స్టేషన్‌కు వెళ్లి ఫిర్యాదు ఇస్తాం, పోయిన సొమ్ము ఎంతో రాసిస్తాం, అది తిరిగి వచ్చేదాకా తిరుగుతాం. రింగులో సొమ్ము పోయింది ప్రభుత్వానిది. అయినా ప్రభుత్వం తనది పోయినట్టు ఎప్పుడూ ప్రవర్తించదు. సొమ్ము పోయినవాళ్లు అడిగినట్టు మీరూ అడగండి. ఈ ఉత్తరంలో నా కోరిక అదే.

ఆఫీసు బయటివాళ్లు కూడా ఇది చదువుతారు కాబట్టి రింగు ఎలా ఉంటుందో కాస్త చెబుతాను. పల్లెటూళ్లలో చెరువు చేపల పాట, దేవుడి మాన్యం కౌలు పాట చూసినవాళ్లకు ఇది కొత్త కాదు. పాటకు ముందు రోజు రాత్రే నలుగురు కూర్చుని ఈ ఏడాది ఎవరిదో తేల్చుకుంటారు. మిగతావాళ్లకు ఇంతని గుడ్‌విల్ ముడుతుంది. మర్నాడు అందరి ముందూ పాట నడుస్తుంది, రెండు మూడు మాటలకే ఆగిపోతుంది. గుడికి రావలసిన డబ్బు ఆ నలుగురి జేబుల్లోకి పోతుంది. కాంట్రాక్టు పనుల్లోనూ ఇదే తంతు. ఈ పని నీది, పక్క మండలంలో పని నాది అని పంచుకుంటారు. పని ఎవరికి రావాలో వాళ్లు ఒక రేటు వేస్తే, తోడుగా ఇద్దరు అంతకన్నా కొంచెం ఎక్కువకు డమ్మీ టెండర్లు వేస్తారు. కాగితం మీద చూస్తే ముగ్గురు పోటీ పడ్డారు, తక్కువ వేసినవారికి పని ఇచ్చాం, అంతా సక్రమమే.

పాత రోజుల్లో టెండరు బాక్సు ఆఫీసు వరండాలో ఉండేది. గడువు రోజున గేటు దగ్గర మనుషులను నిలబెట్టి, కొత్తవాళ్లు ఎవరైనా కవరు పట్టుకుని వస్తే నచ్చజెప్పో బెదిరించో వెనక్కి పంపేవాళ్లు. ఆ బెదిరింపు తప్పించడానికే 2003లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ఈ-ప్రొక్యూర్‌మెంట్ మొదలుపెట్టింది. అది నిజంగా మంచి పని. ఎక్కడో కూర్చుని ఎవరైనా టెండరు వేయగలిగారు. మొదటి కొన్నేళ్లు పనులు లెస్‌కు, అంటే ఎస్టిమేట్ కన్నా తక్కువకు, వెళ్లడం నేను నా చేతులతో రిజిస్టర్‌లో రాశాను. అదే 2003లో వచ్చిన 94వ నంబరు జీవోతో, ఎస్టిమేట్ మీద 5 శాతానికి మించి ఎక్సెస్ వేస్తే టెండరు తోసిపుచ్చాలన్న నిబంధన వచ్చింది. అదీ మంచి ఉద్దేశంతో పెట్టిందే. కానీ ఎంతవరకు అడగొచ్చో రింగుకు ముందే తెలిసిపోయింది. గేటు దగ్గర మనిషి అవసరం లేకుండా పోయింది, ఫోన్లు చాలాయి.

ఒకసారి జరిగింది చెబుతాను. అది కాలువల క్లోజర్ పని. డెల్టాలో వేసవిలో కాలువలు కట్టేశాక మళ్లీ నీళ్లు వదిలేలోపు పూడిక తీయాలి, తూములు బాగుచేయాలి. ఉండేది కొద్ది వారాల సమయం. ఆ పనికి మూడు బిడ్లు వచ్చాయి. 4.95, 4.97, 4.99 శాతం ఎక్సెస్. స్కాన్ చేసి పెట్టిన డిపాజిట్ డీడీలు (బ్యాంకు డ్రాఫ్టులు) చూస్తే ముగ్గురివీ ఒకే బ్యాంకు బ్రాంచి నుంచి, ఒకే రోజు తీసినవి, నంబర్లు వరస. ఒకరి కవరింగ్ లెటర్‌లో ఉన్న అక్షర దోషం మిగతా ఇద్దరి లెటర్లలోనూ అదే చోట ఉంది. ఇవన్నీ నోట్ ఫైల్‌లో రాసి పైకి పెట్టాను. "లోయెస్ట్ వచ్చింది కదా, 5 శాతం లోపే ఉంది కదా. ఇప్పుడు రీటెండర్ అంటే నీళ్లు వదిలేలోపు పని అవుతుందా?" అన్నారు పై అధికారి. ఆయన చెడ్డ మనిషి కాదు. ఆయన టెన్షన్ ఆయనది. నా నోట్ కింద 'చూశాను' అని సంతకం పెట్టారు. అగ్రిమెంట్ అయింది. పూడిక సగమే తీశారు. ఆ ఏడాది శివారు రైతులు నీళ్లందక ఆఫీసుకు వచ్చి మెట్ల మీద కూర్చున్నారు. వాళ్ల పొలాలకూ ఆ మూడు డీడీలకూ సంబంధం ఉందని వాళ్లకు తెలియదు. నాకు తెలుసు, నేను చెప్పలేదు. ఎవరికి రాయాలో కూడా అప్పుడు నాకు తెలియదు.

లెక్క చూడండి. ఎస్టిమేట్ కోటి రూపాయల పని అనుకుందాం. నిజంగా పోటీ ఉంటే 15 శాతం లెస్‌కు, అంటే 85 లక్షలకు పోయే పని. రింగు అయితే 4.9 శాతం ఎక్సెస్, అంటే కోటీ 4 లక్షల 90 వేలు. తేడా దాదాపు 20 లక్షలు. ఒక్క పనికి, ఒక్క డివిజన్‌లో, ఒక్క సీజన్‌కు. ఇందులో కొంత డమ్మీ వేసినవాళ్లకు పోతుంది, కొంత ఎక్కడెక్కడికి పోతుందో నేను రాయనక్కర్లేదు. ఈ 20 లక్షలూ పోయాయని మన లెక్కల్లో ఎక్కడా కనపడదు, ఎందుకంటే దాన్ని రాసుకోవడానికి ఏ రిజిస్టర్‌లోనూ గడి లేదు.

ఎవరికి రాయాలో రిటైరయ్యాక తెలుసుకున్నాను. 2002 కాంపిటీషన్ చట్టంలో 3వ సెక్షన్ కింద, టెండర్లలో కుమ్మక్కు కావడాన్ని పేరు పెట్టి మరీ నిషేధించారు. ఆ సెక్షన్ 2009 మే నుంచి అమల్లో ఉంది. 19వ సెక్షన్ ప్రకారం రాష్ట్ర ప్రభుత్వం గానీ, చట్టబద్ధమైన సంస్థ గానీ ఈ చట్టాన్ని అమలు చేసే కాంపిటీషన్ కమిషన్‌కు నేరుగా రిఫరెన్స్ (విచారణ కోరే ఉత్తరం) పంపవచ్చు. దానికి కోర్టులో దావా వేయనక్కర్లేదు. విచారణ కమిషన్ డైరెక్టర్ జనరల్ చేస్తారు. తప్పు తేలితే కార్టెల్, అంటే ఆ కుమ్మక్కు, నడిచిన ప్రతి ఏడాదికీ ఆ లాభానికి మూడు రెట్లు లేదా టర్నోవర్‌లో 10 శాతం, ఏది ఎక్కువైతే అంతవరకు జరిమానా వేయొచ్చు.

ఇలా ఒక్క ఉత్తరంతో ఎంత జరుగుతుందో ఫుడ్ కార్పొరేషన్ ఆఫ్ ఇండియా చూపించింది. గోదాముల్లో ధాన్యానికి పురుగు పట్టకుండా వాడే అల్యూమినియం ఫాస్ఫైడ్ బిళ్లల కోసం 2009లో అది టెండరు పిలిచింది. మూడు కంపెనీలు కిలోకు 388 రూపాయలే వేశాయి. ముగ్గురివీ వేరువేరు ఫ్యాక్టరీలు, వేరువేరు ఖర్చులు, రేటు మాత్రం ఒక్కటే. అంతకుముందు ఏళ్లలోనూ అలాగే ఒకే రేట్లు వచ్చాయి. 2011 ఫిబ్రవరిలో ఎఫ్‌సీఐ కమిషన్‌కు ఉత్తరం రాసింది. 2012లో కమిషన్ జరిమానా వేసింది. కంపెనీలు అప్పీలుకు వెళ్లాయి, 2017 మేలో సుప్రీంకోర్టు కుమ్మక్కు నిజమేనని తేల్చింది. జరిమానాను మాత్రం కంపెనీ మొత్తం టర్నోవర్ మీద కాకుండా ఆ సరుకు అమ్మకాల మీదే లెక్కకట్టాలని చెప్పింది. ఎక్సెల్ క్రాప్ కేర్ కేసుగా దాన్ని ఇప్పటికీ ఉదహరిస్తారు. ఆరేళ్లు పట్టిన మాట నిజమే, కానీ మొదలైంది ఒక కొనుగోలుదారు రాసిన ఉత్తరంతో. నేను ఆనాడు ఫైల్‌లో రాసిన నోట్‌కు, ఆ ఉత్తరానికి విషయంలో పెద్ద తేడా లేదు. అది వెళ్లవలసిన చోటికి వెళ్లింది, నాది బీరువాలోకి వెళ్లింది.

అయితే ఇక్కడ మీరు గమనించాల్సిన సంగతి ఒకటుంది. కమిషన్ వేసే జరిమానా మీకు రాదు. 47వ సెక్షన్ ప్రకారం అది కేంద్ర సంచిత నిధికి జమ అవుతుంది. నష్టపోయింది మీ పంచాయతీ, మీ మున్సిపాలిటీ, మీ కాలువ. అందుకే చట్టంలో 53ఎన్ అనే సెక్షన్ విడిగా పెట్టారు. కమిషన్ తప్పని తేల్చాక, నష్టపోయినవాళ్లు అప్పిలేట్ ట్రిబ్యునల్ ముందు పరిహారం అడగొచ్చు. అడగగలిగినవాళ్లలో రాష్ట్ర ప్రభుత్వం, స్థానిక సంస్థ అనే మాటలు ఆ సెక్షన్‌లోనే స్పష్టంగా ఉన్నాయి. అంటే ఒక గ్రామ పంచాయతీ కూడా అడగొచ్చు. పై లెక్కలో పోయిన 20 లక్షలు తిరిగి రాబట్టుకునే దారి అదే. ఆ దారిలో నడవమని డివిజన్ ఆఫీసుకు, మున్సిపల్ కమిషనర్‌కు, మండల ఇంజనీరుకు చెప్పాల్సింది మీరే. మీరు సర్క్యులర్ ఇవ్వకపోతే కింద ఎవరూ కదలరు. కదిలితే తమ మీదకే వస్తుందని భయపడతారు.

గడువు కూడా చూసుకోండి. 2023 సవరణతో, కుమ్మక్కు జరిగిన మూడేళ్లలోపు కమిషన్ ముందుకు వెళ్లాలన్న పరిమితి వచ్చింది. తగిన కారణం చూపితే ఆలస్యాన్ని మన్నించవచ్చు గానీ దాని మీద ఆధారపడొద్దు. మన ఆఫీసుల్లో విజిలెన్స్ నివేదిక వచ్చి, దాని మీద వివరణ అడిగి, వివరణ మీద అభిప్రాయం అడిగి, అది సెక్రటేరియట్‌కు చేరేసరికి మూడేళ్లు ఇట్టే గడిచిపోతాయి. అనుమానం వచ్చిన రోజునే గడియారం పెట్టుకోవాలి.

'అనుమానం ఉంటే సరిపోతుందా, రుజువు ఏది?' అని మీ లీగల్ సెల్ అడుగుతుంది. న్యాయమైన ప్రశ్నే. ఇండియన్ ఆయిల్ 2010లో 14.2 కిలోల వంటగ్యాస్ సిలిండర్ల కోసం పిలిచిన టెండర్లలో నలభై పైచిలుకు తయారీదారులు ఒకేలాంటి రేట్లు వేశారని కమిషన్ జరిమానా వేసింది. 2018 అక్టోబర్‌లో సుప్రీంకోర్టు దాన్ని కొట్టేసింది. సిలిండర్లు కొనేవి ప్రధానంగా మూడే ప్రభుత్వ కంపెనీలు, నిబంధనలన్నీ వాళ్లవే, అలాంటి మార్కెట్‌లో రేట్లు దగ్గరగా ఉన్నంత మాత్రాన కుమ్మక్కు అనలేం అంది. నాకు ఆ తీర్పు చదివాక అర్థమైంది ఏమిటంటే, రేట్లు ఒకదాన్నొకటి పోలి ఉన్నాయని చెబితే చాలదు, వాళ్లు కలిసి పనిచేశారని చూపాలి. ఆ ఆధారం మన సర్వర్లలోనే ఉంటుంది, మనం తీసి పెట్టుకోవాలి అంతే.

పుణెలో అదే జరిగింది. చెత్త శుద్ధి ప్లాంట్ల కోసం అక్కడి నగరపాలక సంస్థ 2014, 2015 మధ్య పిలిచిన టెండర్ల మీద నాగరిక్ చేతనా మంచ్ అనే పౌరుల సంఘం ఫిర్యాదు చేసింది. పోటీదారులమని చెప్పుకున్నవాళ్ల బిడ్లు ఒకే ఐపీ అడ్రస్ నుంచి వచ్చాయని విచారణలో బయటపడింది. 2018లో కమిషన్ జరిమానాలు వేసింది. ఫిర్యాదు చేసింది నగరపాలక సంస్థ కాదు, ఆ ఊరి పౌరులు. అది గుర్తొచ్చినప్పుడల్లా నాకు బాధగా ఉంటుంది, ఎందుకంటే ఆ ఐపీ అడ్రస్‌లు మొదట చూడగలిగేది ఆఫీసులో కూర్చున్న మనమే. కాబట్టి ప్రతి టెండరుకూ బిడ్డు ఏ అడ్రస్ నుంచి వచ్చింది, ఏ నిమిషానికి అప్‌లోడ్ అయింది, ఆ ఫైలును ఏ కంప్యూటర్‌లో తయారుచేశారు, ఈఎండీ, అంటే టెండరుతో కట్టే డిపాజిట్, ఏ ఖాతా నుంచి వచ్చింది, ఇవన్నీ టెండరు తెరిచిన రోజునే ఒక కాపీ తీసి సీలు చేయించండి. టెండరు రద్దయినా ఆ కాపీ చెరపొద్దు. రద్దయిన టెండరుతోనే సాక్ష్యమూ పోవడం నేను చూశాను. అనుమానం ఉందని ఆ కాంట్రాక్టర్లకు ముందుగా నోటీసు ఇచ్చి జాగ్రత్త చెప్పడం కూడా మానుకోండి. ముందు కమిషన్‌కు రాయండి.

జరిమానా ఎప్పుడూ పడుతుందన్న నమ్మకం కూడా పెట్టుకోకండి. 2020లో రైల్వేకు కాంపోజిట్ బ్రేక్ బ్లాకులు సరఫరా చేసే పది కంపెనీలు కుమ్మక్కయ్యాయని తేల్చి కూడా, వాటిలో చాలావరకు చిన్న సంస్థలని, కరోనా కష్టకాలమని చూసి కమిషన్ జరిమానా వేయలేదు. ఇక మీదట చేయొద్దని చెప్పి వదిలింది. కమిషన్ కారణాలు కమిషన్‌కు ఉండొచ్చు. రైల్వేకు పోయిన డబ్బు సంగతి ఏమిటి? అందుకే మన చేతిలోనే ఒక పరికరం ఉండాలి, అది అగ్రిమెంట్‌లో ఉండాలి.

జర్మనీలో ప్రభుత్వ కొనుగోలుదారులు టెండరు షరతుల్లో ఒక క్లాజు రాసుకుంటారు. సరఫరాదారు కుమ్మక్కు అయ్యాడని తర్వాత తేలితే, కాంట్రాక్టు విలువలో 15 శాతం పరిహారంగా కట్టాలి. అంతకన్నా తక్కువ నష్టం జరిగిందనుకుంటే అది నిరూపించుకునే బాధ్యత అతనిదే. రైలు పట్టాల కార్టెల్ కేసులో 2021లో అక్కడి అత్యున్నత న్యాయస్థానం అలాంటి క్లాజు చెల్లుతుందని చెప్పింది. మన కాంట్రాక్టు చట్టంలో 74వ సెక్షన్ ఉంది. ముందుగా రాసుకున్న మొత్తానికి మించకుండా సమంజసమైన పరిహారం ఇప్పించేది అదే. కాబట్టి ఇక్కడా దారి ఉంది. నా లెక్కలోని కోటీ 4 లక్షల 90 వేల పనికి 15 శాతమంటే 15 లక్షల 73 వేలు. పోయినదంతా కాకపోయినా చాలావరకు. దాన్ని చివరి బిల్లులో, డిపాజిట్‌లో మినహాయించుకునే వీలు కూడా క్లాజులోనే రాయండి. ఈ ఒక్క మార్పుకు కొత్త చట్టం అక్కర్లేదు. న్యాయ శాఖతో మాట్లాడి, టెండరు డాక్యుమెంట్‌లో ఒక పేరా చేరిస్తే సరిపోతుంది. బిడ్డరు రేటు తానే సొంతంగా నిర్ణయించుకున్నానని, మరే బిడ్డరుతోనూ మాట్లాడలేదని సంతకం చేసిన డిక్లరేషన్ కూడా పెట్టండి. అబద్ధపు డిక్లరేషన్ ఇచ్చారని తేలితే మోసం, కుట్ర కింద క్రిమినల్ కేసు పెట్టడం తేలికవుతుంది. కాంపిటీషన్ చట్టం కింద మన దేశంలో కార్టెల్‌కు జైలు శిక్ష లేదు. అమెరికాలో పదేళ్ల వరకు ఉంది.

బ్లాక్‌లిస్టు సంగతి. ఇది మనవాళ్లకు బాగా అలవాటైన ఆయుధం, సరిగా వాడని ఆయుధం కూడా. కోపంలో ఆర్డరు ఇచ్చేస్తారు, అతను హైకోర్టుకు వెళ్లి స్టే తెచ్చుకుంటాడు. బ్లాక్‌లిస్టు చేయబోతున్నామని షోకాజ్ నోటీసులో స్పష్టంగా ఉండాలని సుప్రీంకోర్టు 2014లో గోర్ఖా సెక్యూరిటీ సర్వీసెస్ కేసులో చెప్పింది. ఆ ఒక్క వాక్యం నోటీసులో లేక ఎన్ని ఆర్డర్లు కొట్టుకుపోతాయో మీ ప్రభుత్వ ప్లీడర్లను అడగండి. ఇక ఆర్డరు నిలిచినా ఏమవుతుంది? వచ్చే ఏడాది అదే మనిషి బావమరిది పేరు మీద, భార్య పేరు మీద కొత్త ఫర్ముతో వస్తాడు. అదే పొక్లెయిన్, అదే మేస్త్రీ. కేంద్రం 2017 ఆర్థిక నియమాల్లో టెండర్ల కుమ్మక్కును నడవడి నియమావళి ఉల్లంఘనగా చేర్చి, అలాంటివాళ్లను రెండేళ్ల వరకు డిబార్ చేసే అధికారం మంత్రిత్వ శాఖలకు ఇచ్చింది. వారసత్వంగా వచ్చే సంస్థలకూ అది వర్తిస్తుంది. మన రాష్ట్రాల్లో అన్ని శాఖలకూ కలిపి ఒకే జాబితా, ఫర్ము పేరుతోపాటు దాని వెనక మనుషుల పాన్ నంబర్లతో, ఈ-ప్రొక్యూర్‌మెంట్ లోపలే ఉండాలి. ఇరిగేషన్‌లో నిషేధించిన మనిషి పంచాయతీరాజ్‌లో పని చేసుకుంటుంటే అది శిక్ష ఎలా అవుతుంది?

చిన్న కాంట్రాక్టర్ల మాట కూడా చెప్పాలి. డమ్మీ టెండరు వేసినవాళ్లందరూ ఇష్టపడి వేసినవాళ్లు కాదు. వేయకపోతే తర్వాత ఏ పనిలోనూ నిలవనివ్వరన్న భయం ఉంటుంది. వాళ్ల కోసం చట్టంలో 46వ సెక్షన్ ఉంది. కార్టెల్‌లో ఉండి, ముందుగా వచ్చి పూర్తి సమాచారం ఇచ్చినవాళ్లకు జరిమానా 100 శాతం వరకు తగ్గించవచ్చు. రెండోవారికి 50 శాతం వరకు. రైల్వేకు బ్రష్‌లెస్ డీసీ ఫ్యాన్లు సరఫరా చేసినవాళ్ల కుమ్మక్కు కేసులో 2017 జనవరిలో మొదటిసారి ఇలా ఒక సంస్థకు 75 శాతం తగ్గించారు. ఈ అవకాశం గురించి ఒక ఫిఫ్త్ క్లాస్ (చిన్న పనుల) కాంట్రాక్టరుకు ఎవరు చెబుతారు? రిజిస్ట్రేషన్ రెన్యువల్ కాగితాలతోపాటు తెలుగులో ఒక పేజీ ఇవ్వండి. ముందుకొచ్చి చెప్పినవాళ్లను మళ్లీ మీరే బ్లాక్‌లిస్టు చేయబోమని కూడా అందులో రాయండి. లేకపోతే ఎవరూ రారు.

ఇప్పుడు మనవాళ్ల గురించి. ఆఫీసు లోపలి నుంచి సాయం లేకుండా రింగు ఎక్కువ కాలం నిలవదు. ఎవరెవరు టెండరు వేస్తున్నారో రింగుకు ఎలా తెలుస్తుంది? సైట్ చూసినట్టు ఇంజనీరు సంతకంతో సర్టిఫికెట్ తెచ్చుకోవాలని షరతు పెడతాం. ఆ సంతకం కోసం ఎవరు వచ్చారో ఆ సాయంత్రానికి అందరికీ తెలిసిపోతుంది. ఫలానా మిక్సింగ్ ప్లాంట్ ఇన్ని కిలోమీటర్ల లోపు ఉండాలంటాం. ఆ లోపు ప్లాంట్ ఉన్నది ఒక్కరికే. ఈ షరతులు రాసేది కాంట్రాక్టర్లు కాదు. జపాన్‌లో ఈ జబ్బు ఎంత ముదిరిందంటే, అధికారులే కుమ్మక్కులో చేయి కలపడాన్ని ఆపడానికి 2002లో ప్రత్యేకంగా చట్టం చేశారు. అక్కడి పోటీ కమిషన్ ఆ శాఖ అధిపతిని, మీ ఆఫీసు పద్ధతి మార్చుకోండి, సాయం చేసిన ఉద్యోగి నుంచి నష్టం రాబట్టండి అని అడగగలదు. మొదటగా ఆ చట్టాన్ని వాడింది హొక్కైడోలోని ఇవామిజావా అనే ఊరి మున్సిపాలిటీ మీద. తర్వాత 2006లో అలాంటి ఉద్యోగులకు జైలు శిక్ష కూడా చేర్చారు. నేనూ ఉద్యోగిగా పనిచేశాను కాబట్టి ఇది రాయడం నాకు సులువు కాదు. అయినా అలాంటి బాధ్యత మన మీదా ఉండాలనే నమ్ముతున్నాను. దానితోపాటు, నాలాగా నోట్ రాసిన గుమస్తాకు రక్షణ ఉండాలి. అనుమానం రాసిన నోట్‌ను పై అధికారి తోసిపుచ్చితే, కారణం రాతపూర్వకంగా ఇవ్వాలి. ఒక కాపీ ఆటోమేటిక్‌గా ఆర్థిక శాఖకు వెళ్లాలి. ఉత్త 'చూశాను' అని సంతకం పెట్టి పంపే వీలు ఉండకూడదు.

కాంట్రాక్టర్లు చెప్పే ఒక మాట మీరు వినాలి, అందులో నిజం ఉంది. బిల్లులు ఏళ్ల తరబడి రావు, అందుకే కొత్తవాళ్లు టెండర్లు వేయరు అంటారు. బిల్లు ఎప్పుడొస్తుందో తెలియని పనికి, పైవాళ్లతో పరిచయం ఉండి బిల్లు రాబట్టుకోగలిగినవాళ్లే వస్తారు. అలాంటివాళ్లు ఒక జిల్లాలో ఎంతమంది ఉంటారు? నలుగురో ఐదుగురో. నలుగురైతే ఒక టేబుల్ చుట్టూ కూర్చోవచ్చు. బిల్లులను వరస క్రమంలో చెల్లించడం కూడా రింగు మీద తీసుకునే చర్యే. ఆంధ్రప్రదేశ్‌లో 2019లో రివర్స్ టెండరింగ్, అంటే రేట్లు తెరిచాక బిడ్డర్లను ఇంకా తగ్గించమనే పద్ధతి, తెచ్చారు, 2024లో వచ్చిన ప్రభుత్వం దాన్ని పక్కన పెట్టింది. దాని మంచి చెడ్డల మీద రాజకీయంగా ఎవరి వాదన వాళ్లకుంది, నేను అందులోకి పోను. రింగులో ఉన్న ముగ్గురినే మళ్లీ ఒకరి మీద ఒకరు తగ్గించుకోమంటే వాళ్లు ఎంత తగ్గిస్తారో కూడా ముందే మాట్లాడుకుంటారు. టెండరు పిలిచే పద్ధతి ఏదైనా, దొరికాక సొమ్ము తిరిగి కట్టాలన్న భయం లేనప్పుడు ఫలితం అంతే.

చివరిగా ఒక్క సాంకేతిక విషయం. దక్షిణ కొరియా 2006 నుంచి టెండర్ల సమాచారాన్ని కంప్యూటర్‌తో జల్లెడ పడుతోంది. ఎంతమంది వేశారు, గెలిచిన రేటు ఎస్టిమేట్‌కు ఎంత దగ్గర, ఓడినవాళ్ల రేట్లు ఎలా ఉన్నాయి, వీటిని బట్టి ప్రతి టెండరుకూ మార్కులు వేసి అనుమానం ఉన్నవాటిని అక్కడి పోటీ కమిషన్ ముందు పెడుతుంది. మన దగ్గర 2003 నుంచి ఈ-ప్రొక్యూర్‌మెంట్ సమాచారం ఉంది. సాఫ్ట్‌వేర్‌కు పేరున్న హైదరాబాద్ మనకు ఉంది. 4.9 శాతం ఎక్సెస్‌కు వెళ్లిన పనులు ఎన్ని, వాటిలో ఎవరి పక్కన ఎవరు ప్రతిసారీ ఓడిపోయారు అన్నది తీయడానికి నాకు పెన్సిలుతో ఒక సెలవు రోజు పట్టేది, ఒక డివిజన్‌కు. మీకు రాష్ట్రం మొత్తానికి అంతకూడా పట్టదు.

వచ్చే వేసవిలో కాలువలు కట్టేయకముందే క్లోజర్ పనుల టెండర్లు పిలుస్తారు. రీటెండర్‌కు సమయం లేదన్న సాకు మళ్లీ వినపడకుండా, ఈసారి వాటిని డిసెంబర్‌లోనే పిలవండి. 15 శాతం క్లాజు, డిక్లరేషన్ మొదట ఆ టెండర్లలోనే పెట్టి చూడండి. రేట్లు ఐదు శాతం కిందే వరసగా నిలబడి కనపడితే, ఆ వారంలోనే కాంపిటీషన్ కమిషన్‌కు రిఫరెన్స్ పంపండి. దాని నమూనా కావాలంటే రాసివ్వడానికి నేను సిద్ధం. నా పాత నోట్‌లోని డీడీ నంబర్లు నాకు ఇప్పటికీ గుర్తున్నాయి.

ఇట్లు,
టెండర్ల సీటులో పనిచేసి రిటైరైన ఒక ఉద్యోగి